థెరపీలో చేరాక ఇంకా కుంగిపోతున్నాను... లోపం నాలోనే ఉందా?

ప్రశ్న: నా వయసు 29. మాది కావలి దగ్గర పల్లెటూరు. ఆరేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మారతహళ్లిలో పీజీలో ఉంటాను. రెండేళ్ల కిందట నాన్న గుండెపోటుతో పోయారు. నేను బస్సులో ఉండగానే ఫోన్ వచ్చింది. ప్రాణంతో ఉండగా చూసుకోలేకపోయాను. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టదు, చిన్న విషయానికే టెన్షన్. స్నేహితురాలు చెప్తే ఆన్‌లైన్‌లో ఒక థెరపిస్టు దగ్గర చేరాను. ప్రతి బుధవారం సాయంత్రం ఏడింటికి, గంటసేపు. గదిలో రూమ్మేటు ఉంటుంది కాబట్టి మిద్దె మీదకెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని మాట్లాడతాను. ఎనిమిదిన్నరకి అమెరికా వాళ్లతో ఆఫీసు కాల్.

మూడు నెలలైంది. మొదట్లో తేలికగా అనిపించింది. తర్వాత చిన్ననాటి విషయాల్లోకి వెళ్లాం. పదో తరగతిలో మార్కులు తగ్గాయని నాన్న బెల్టుతో కొట్టిన సంగతి చెప్పాను. అది ట్రామా అనీ, మా ఇల్లు టాక్సిక్ అనీ ఆమె అన్నారు. అప్పట్నుంచి నాన్న తలపుకొస్తే ఆ బెల్టు తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు. గురు, శుక్రవారాలు ఏడుస్తూనే ఉంటాను. పోయిన నెల నాన్న ఆబ్దికానికి ఊరెళ్లి, అమ్మతో పోట్లాడి మర్నాడే వచ్చేశాను. 'డబ్బులిచ్చి ఏడుపు కొనుక్కుంటున్నావా?' అంటోంది అమ్మ. ఎలా ఉన్నారని థెరపిస్టు అడిగితే 'బెటర్ మేడమ్' అనేస్తాను. చాలా మంచావిడ, బాధపెట్టడం ఇష్టం లేదు. అందరికీ పనిచేసేది నాకెందుకు పనిచేయడం లేదు? లోపం నాలోనే ఉందా? మానేయాలా?
– ఓ సోదరి, మారతహళ్లి

జవాబు: లోపం మీలో లేదు. ముందు ఆ దిగులు వదిలేయండి. 'అందరికీ పనిచేసేది' అని రాశారు చూడండి, ఆ మాటే నిజం కాదు. థెరపీ ఎక్కువమందికి మేలు చేస్తుంది. కొందరికి ఏ మార్పూ ఉండదు. కొద్దిమందికి చేరినప్పటికన్నా అధ్వానమవుతుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. అమెరికన్ సైకాలజిస్టు అలెన్ బెర్గిన్ 1960ల్లోనే దీని గురించి రాశారు. తర్వాత జరిగిన అధ్యయనాలు చూస్తే, థెరపీ తీసుకునే పెద్దవాళ్లలో నూటికి అయిదు నుంచి పదిమంది దాకా దిగజారుతున్నట్టు తేలింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో థెరపీ తీసుకున్న 14 వేల మందికి పైగా జనాన్ని అడిగిన సర్వే ఒకటి 2016లో వచ్చింది. థెరపీ వల్ల తమకు చాలాకాలం పోని చెడు జరిగిందని ఇరవై మందిలో ఒకరు చెప్పారు. తమకిస్తున్నది ఏ రకం థెరపీయో తెలియనివాళ్లు ఈ మాట మరింత ఎక్కువగా అన్నారు. మీకు ఏ పద్ధతిలో చేస్తున్నారో, దేనికోసం చేస్తున్నారో మీకు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

టాబ్లెట్ రాసిస్తే కడుపులో మంట రావచ్చు, మత్తుగా ఉండొచ్చు అని డాక్టరు ముందే అంటాడు. మాటలతో చేసే వైద్యంలో ఆ హెచ్చరిక ఇచ్చేవాళ్లు తక్కువ. అందుకని తేడా చేసినప్పుడు మనిషి 'నేనే సరిగ్గా చేయడం లేదేమో' అని కుంగిపోతాడు. ఉన్న బాధకి ఇదొకటి తోడవుతుంది. నాకు ఉత్తరాలు రాసే చాలామందిలో ఈ రెండో బాధే ఎక్కువగా కనిపిస్తుంది.

అలాగని ఏడుపు వచ్చినంత మాత్రాన చెడు జరుగుతోందని అనుకోకూడదు. రెండేళ్లు అణచిపెట్టిన దుఃఖాన్ని కదిలిస్తే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? పండగ ముందు అటక మీది సామానంతా కిందికి దించితే ఇల్లు మునుపటికన్నా చిందరవందరగానే ఉంటుంది, కాకపోతే ఆ రాత్రికి పడుకోవడానికి కాస్త చోటు చేసుకుంటాం. థెరపీలో గంట చివరి పది నిమిషాలు ఆ పనికే. కదిలించిన విషయాన్ని ఆ పూటకి ఒక ఒడ్డుకు చేర్చి, ఊపిరి కుదుటపడ్డాక పంపాలి. మీ సెషన్లు ఎలా ముగుస్తున్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టైమైపోయిందని ఏడుపు మధ్యలోనే కాల్ పెట్టేస్తున్నారా?

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. 'చెప్పుకుంటే భారం తగ్గుతుంది' అని మనందరం నమ్ముతాం. ఎలా చెప్పించినా తగ్గుతుందనుకుంటే మాత్రం పొరపాటు. బ్రిటన్‌లో ఒంటి మీద కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్లలో కొందరిని కూర్చోబెట్టి, ప్రమాదం గురించి ఒక్కసారి వివరంగా చెప్పించారు. మిగతావాళ్లని ఊరికే వదిలేశారు. 13 నెలల తర్వాత చూస్తే, చెప్పించినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తాలూకు జ్ఞాపకాలు వెంటాడే మానసిక రుగ్మత) ఉంది. వదిలేసినవాళ్లలో 9 శాతం మందికే. 1997లో వచ్చిన అధ్యయనం ఇది. పెద్ద ప్రమాదం జరగ్గానే అందరినీ కూర్చోబెట్టి అలా ఒక్క సిటింగులో చెప్పించవద్దని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. అదే పీటీఎస్‌డీకి, ముందు మనిషిని సిద్ధం చేసి, వారం వారం ఒక వరసలో ఆ జ్ఞాపకాన్నే చెప్పిస్తూ వెళ్లినప్పుడు ఫలితం వేరుగా ఉంది. సైకాలజిస్టు ఎడ్నా ఫోవా బృందం 2002లో గమనించిందేమిటంటే, అలా చెప్పించినప్పుడు కొద్దిమందికి మొదట్లో లక్షణాలు పెరిగాయి. అయినా చివరికి వాళ్లూ మిగతావాళ్లలాగే కోలుకున్నారు. అంటే బాధని తవ్వడం ఒక్కటే చాలదు, ఎలా తవ్వుతున్నారు, తవ్వాక ఏం చేస్తున్నారు అన్నదాన్ని బట్టే మంచీ చెడూ.

అందుకని మీరు సెషన్లో ఎంత ఏడ్చారన్నది వదిలేసి, మిగతా వారం ఎలా గడుస్తోందో చూసుకోండి. బుధవారం రాత్రి భారంగా ఉండి, గురువారం సాయంత్రానికి తేలికపడి, నెల తిరిగేసరికి నిద్రో ఆకలో కొంచెం మెరుగైతే దారిలో ఉన్నట్టే. మూడు నెలలయ్యాక కూడా వారంలో రెండు పనిరోజులు ఏడుపుకే పోతున్నాయంటే, నిద్ర మొదటికన్నా తగ్గిందంటే, 'థెరపీలో ఇదంతా మామూలే' అని సరిపెట్టుకోవద్దు.

ఇక ఆ మిద్దె సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాగా కలచివేసింది అదే. ఏడింటికి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని, బట్టలు ఆరేయడానికి ఎవరు వస్తారో అని మెట్ల వైపు చూస్తూ, గొంతు తగ్గించుకుని నాన్న చావు గురించి మాట్లాడటం. ఎనిమిదింటికి ముగించి, మొహం కడుక్కుని, ఎనిమిదిన్నరకల్లా కెమెరా ఆన్ చేసి టెస్ట్ రిపోర్టు చదవడం. మీరు భోజనం ఎప్పుడు చేస్తున్నారో కూడా నాకు అర్థం కాలేదు. ఆ అరగంటలో మళ్లీ అంతా లోపలికి తోసేయాల్సి వస్తోంది. గురువారం పొంగుకొచ్చేది అదే అయ్యుండొచ్చు. ఈ ఊళ్లో పీజీల్లో ఉండే పిల్లలు చాలామంది ఇలాగే చేస్తున్నారు. ఆఫీసు మీటింగ్ రూముల్లో, ఆగి ఉన్న కార్లలో, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్ వెనక సీట్లో. ఆన్‌లైన్ సెషన్లు బాగానే పనిచేస్తాయి, కానీ తలుపు వేసుకునే గది ఒకటి ఉండాలి. సెషన్‌ని శనివారం పగటి పూటకి మార్పించుకోండి. ఆ గంటకి రూమ్మేటుని బయటికెళ్లమని అడగండి. నిజం చెబితే చాలామంది ఒప్పుకుంటారు. కుదరకపోతే నేరుగా వెళ్లి మాట్లాడే చోటు చూసుకోండి. సెషన్ తర్వాత గంటన్నరో రెండు గంటలో ఏ పనీ పెట్టుకోవద్దు. నడవండి, తినండి, పడుకోండి.

నాన్న గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. పదో తరగతి పిల్లని బెల్టుతో కొట్టడం తప్పే. దాన్ని నేను సమర్థించను, మీరూ సమర్థించనక్కర్లేదు. ఆ దెబ్బ గురించి ఎక్కడో ఒకచోట చెప్పుకోవాల్సిందే. కానీ మీరు ఆమె దగ్గరికి వెళ్లింది నాన్న పోయిన దుఃఖంతో. ఇప్పుడు ఆ దుఃఖం గురించి మాట్లాడే వీలే లేకుండా పోయింది. కొట్టిన మనిషి కోసం ఎలా ఏడుస్తాం అని లోపల ఎవరో నిలదీస్తున్నట్టుంది మీ పరిస్థితి. ఒక సంఘటన విని ఇంటికంతటికీ 'టాక్సిక్' అని పేరు పెట్టడం తొందరపాటు అని నా అభిప్రాయం. థెరపిస్టు నోటి నుంచి వచ్చే మాటకి చాలా బరువుంటుంది. మనం బలహీనంగా ఉన్నప్పుడు, నమ్మకంతో వింటున్నప్పుడు అది సూటిగా లోపలికి దిగిపోతుంది. 1980లు, 90లలో అమెరికాలో కొందరు థెరపిస్టులు, మరుగునపడిన చిన్ననాటి జ్ఞాపకాలను వెలికితీస్తామంటూ, జరగనివాటిని కూడా జరిగినట్టు నమ్మించే దాకా వెళ్లారు. కుటుంబాలు ముక్కలయ్యాయి. ఆ రోజుల్లోనే జ్ఞాపకాల మీద పరిశోధన చేసే సైకాలజిస్టు ఎలిజబెత్ లాఫ్టస్ ఒక చిన్న ప్రయోగం చేశారు. 24 మందికి, 'చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్లో తప్పిపోయారు' అని లేని సంగతిని ఉన్నదానిలా చెబితే, నాలుగో వంతు మంది కొంతో గొప్పో గుర్తున్నట్టు చెప్పారు. మీ విషయం అలాంటిది కాదు. మీ జ్ఞాపకం నిజమే, మీరు మర్చిపోయిందీ కాదు. కానీ దాని పక్కన ఉండాల్సిన మిగతా జ్ఞాపకాలు వెనక్కి పోయాయి. ఆ ఒక్క దెబ్బ చుట్టూ వారం వారం తిరుగుతూ ఉంటే మనసు దానికే అలవాటు పడిపోతుంది. రాత్రిళ్లు పడుకుని అదే ఆలోచించుకోవడానికీ, డబ్బు కట్టి అదే మాట్లాడుకోవడానికీ ఒక్కోసారి పెద్ద తేడా ఉండదు. మంచి థెరపీలో ఆ తిరుగుడు ఎక్కడో ఆగి, పక్కకు మళ్లాలి. ఆ రోజు నాన్న ఏమన్నారు, మర్నాడు ఏం చేశారు, మీరు పెద్దయ్యాక ఆ విషయం ఎప్పుడైనా ఎత్తారా, పోయే ముందు మీ ఇద్దరి మధ్య ఎలా ఉండేది... ఇవన్నీ అడిగి, ఆయన మీకు ఏమవుతారో మీరే తేల్చుకునేలా చేయాలి.

ఇంకో సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. పోయిన నెల నాన్న ఆబ్దికం. అంటే మీరు థెరపీలో చేరి లోతుకు వెళ్తున్న వారాలూ, ఆయన పోయిన తిథి దగ్గరపడుతున్న వారాలూ ఒకటే. పోయినవాళ్ల నెల వచ్చేసరికి థెరపీ ఉన్నా లేకున్నా చాలామందికి దుఃఖం తిరగబెడుతుంది. అందుకని దిగజారడమంతా థెరపీ ఖాతాలో వేయలేం. మీ థెరపిస్టుకి ఆ తేదీ తెలుసా అన్నది నా అనుమానం.

తెలియకపోవచ్చు. ఎందుకంటే మీరు 'బెటర్ మేడమ్' అంటున్నారు కదా.

ఈ ఒక్క మాట వల్ల మీకు జరుగుతున్న నష్టం మీకు తెలియాలి. అమెరికాలో ఒక యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో, తమ దగ్గరికి వస్తున్న 550 మందిలో ఎవరి పరిస్థితి దిగజారబోతోందో చెప్పమని థెరపిస్టులనే అడిగారు. వాళ్లు ముగ్గురిని చూపించారు. నిజంగా దిగజారింది 40 మంది. ఆ ముగ్గురిలో ఒక్కరి విషయంలోనే వాళ్ల మాట నిజమైంది. 2005లో ప్రచురించారు దీన్ని. పాతికేళ్ల అనుభవం ఉన్నా, ఎంత మంచి మనసున్నా, ఎదుటి మనిషి నవ్వుతూ 'బాగున్నాను' అంటే కనిపెట్టడం కష్టం. అందులోనూ మిద్దె మీద చీకట్లో, ఫోన్ తెరలో. అందుకే కొన్నిచోట్ల ప్రతి సెషన్ ముందూ ఒక చిన్న ప్రశ్నపత్రం నింపిస్తారు. మొహం మీద చెప్పలేనిది కాగితం మీద చెప్తారని. ఆమెను బాధపెట్టకూడదని మీరు దాస్తున్నది ఆమెకి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన సంగతి. పెద్దవాళ్ల ముందు, మేడమ్‌ల ముందు, మంచిగా చూసుకునేవాళ్ల ముందు ఎదురు చెప్పకూడదని మనల్ని పెంచారు. బడిలో అది గౌరవం. ఇక్కడ మాత్రం మీకే చేటు.

వచ్చే బుధవారం ఆమె ఏదీ మొదలుపెట్టకముందే చెప్పండి. నోరు పెగలదనిపిస్తే ముందురోజు మెసేజ్ పెట్టండి. ఇలా: 'మేడమ్, బెటర్ అని చెప్తూ వచ్చాను గానీ నిజానికి బాగా లేను. సెషన్ తర్వాత రెండు రోజులు ఏడుస్తున్నాను. నాన్న గురించి మాట్లాడినప్పటి నుంచి ఎక్కువైంది. పోయిన నెల ఆయన ఆబ్దికం. మనం ఏ పద్ధతిలో వెళ్తున్నాం, ఎక్కడికి చేరాలి, ఎన్నాళ్లు పట్టొచ్చు, ఇవి నాకు చెప్తారా?' ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఆమె దాన్ని ఎలా తీసుకుంటారో గమనించండి. 'చెప్పినందుకు మంచిదైంది' అని, వేగం తగ్గించి, టాక్సిక్ అన్న మాట మిమ్మల్ని ఎలా తాకిందో అడిగి, ప్లాన్ మార్చేవాళ్లైతే వదులుకోకండి. ఇలాంటి ఘర్షణ ఒకటి వచ్చి, ఇద్దరూ కూర్చుని సరిదిద్దుకున్నాక థెరపీ ఇంకా గట్టిపడటం మామూలుగా జరిగేదే. మరో నాలుగు సెషన్లు చూడండి. అలా కాకుండా 'అది మీ రెసిస్టెన్స్' (అంటే మారడానికి మీ మనసే మొరాయిస్తోందని), 'ఇంకా లోతుకు వెళ్తే సర్దుకుంటుంది' అని మీ మాటని మీకే తిప్పికొడితే, లేదా నొచ్చుకుంటే, మానేయడానికి మీకు పూర్తి హక్కుంది. వీలైతే ఒక్క చివరి సెషన్ పెట్టుకుని ముగించండి. వీలు కాకపోతే మెసేజ్ చాలు. ప్యాకేజీకి ముందే డబ్బు కట్టానన్న కారణంతో కొనసాగవద్దు.

కొత్తగా ఎవరినైనా చూసుకోవాల్సి వస్తే, క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడిగితే తప్పేం లేదు. కౌన్సెలర్, థెరపిస్ట్ అన్న పేర్లతో ఏళ్ల శిక్షణ ఉన్నవాళ్లూ ఉన్నారు, చిన్న కోర్సు చేసి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. బెంగళూరులోనే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ (కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ) వాళ్ల సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. అక్కడ అడిగి చూడండి. అమ్మానాన్నల గురించి తెలుగులో మాట్లాడగలిగే మనిషి దొరికితే మరీ మంచిది, బెంగళూరులో అది కష్టం కాదు. ఈలోగా ఒక ఫిజీషియన్ని కలిసి థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోండి. రెండేళ్లుగా నిద్ర లేదంటున్నారు, ఒంట్లో తేడా ఉంటే ఎంత మాట్లాడినా తగ్గదు. సైకియాట్రిస్టుకి ఒకసారి చూపించుకున్నా మంచిదే. థెరపీ ఫలించకపోవడానికి రోగం ఒకటైతే వైద్యం ఇంకొకటి కావడం కూడా ఒక కారణం. ఉదాహరణకి ఓసీడీ (వద్దన్నా అవే అనుమానాలు పదేపదే వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకి 'ఏం కాదులే' అని ప్రతివారం ధైర్యం చెప్తూ పోతే ఆ అనుమానాలు ఇంకా ముదురుతాయి.

బతకాలని లేదు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే బుధవారం దాకా ఆగవద్దు. మీరు ఆ మాట రాయలేదు, అయినా చెప్తున్నాను. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఎమర్జెన్సీ రాత్రి పూట కూడా తెరిచే ఉంటుంది. రూమ్మేటుని తోడు తీసుకుని వెళ్లండి.

అమ్మ అన్న మాటకి మీరు నొచ్చుకున్నట్టున్నారు. భర్త ఆబ్దికం రోజున కూతురు వచ్చి ఆయన్ని తప్పుపడితే ఆవిడకి ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా. మీరు థెరపీలో నేర్చుకుంటున్నవి అమ్మతో వాదించి ఒప్పించాల్సిన అవసరం లేదు. ఆ వాదన ఇప్పట్లో ఎత్తకండి. ఈ వారాంతంలో ఫోన్ చేసి, పోట్లాడి వచ్చేసినందుకు బాధగా ఉందని చెప్పండి. కాస్త కుదుటపడ్డాక, మీరు పదో తరగతిలో ఉన్న ఆ ఏడాది ఇంట్లో పరిస్థితి ఏమిటి, నాన్న ఎలా ఉండేవారు అని అడగండి. ఆయన చేసింది ఒప్పని చెప్పించుకోవడానికి కాదు. అప్పుడు మీకు పదిహేనేళ్లు, ఆ ఇంట్లో జరుగుతున్నవాటిలో మీకు తెలియనివి చాలానే ఉండి ఉంటాయి. ఆమె చెప్పింది విని, వీలైతే రాసుకుని, అది కూడా థెరపిస్టు ముందు పెట్టండి.